ఎర్రట్ట నవల: నూట పన్నెండో పేజీ తర్వాత

ఆదివారం, ఆగస్టు 10, 1986. మోత్కూర్. ఉదయం తొమ్మిదిన్నర. హాజరు: పెద్దసారు, గడియారం సాబ్, టీచరమ్మ, కాంపౌండరు, నేను. గుమ్మం దగ్గర మేకలాయన, అతని వెంట రెండు మేకలు. వాతావరణం: మబ్బు. నా పరిస్థితి: బాగాలేదు.

నా డైరీలో ఆనాటి పేజీ ఇలా మొదలవుతుంది. పదహారో ఏట నుంచి ఇప్పటిదాకా ఒక్క రోజు తప్పకుండా రాసిన డైరీలు నా బీరువాలో వరసగా ఉన్నాయి. వాటన్నిటిలో తెలిసి రాసిన అబద్ధం ఒకే ఒక్కటి. ఆ సంవత్సరం జూన్ నాలుగో ఆదివారం పేజీలో, ఒక నవల పేరు ఎదురుగా, ఒకే మాట: 'పూర్తి'. ఆ ఒక్క మాట నన్ను పెట్టిన తిప్పలే ఈ కథ.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్త. మండలాఫీసులో గుమాస్తాగా చేరి, ఊళ్లో చిన్న గది కిరాయికి తీసుకున్నాను. ఈనాటి వాళ్లకు ఒక పుస్తకం బాగుందని చెప్పాలంటే వేలితో ఒక మీట నొక్కితే చాలు. ఆ కాలంలో మాకు అది ఒక దీక్షలాంటిది. గడియారాలు బాగుచేసే సాబ్ గారి దుకాణం వెనక గదిలో ఒక బీరువా, సుమారు మూడు వందల పుస్తకాలు, రెండు బల్లలు ఉండేవి. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం అక్కడ కూర్చునేవాళ్లం. ప్రతి ఒక్కరూ లేచి, ఆ రెండు వారాల్లో చదివినవాటిలోంచి రెండు పుస్తకాలు మిగతావాళ్లకు సిఫారసు చేయాలి. ఒకటి కల్పన, ఒకటి నిజం. కథ ఎంతవరకైనా చెప్పొచ్చు గాని ముగింపు చెప్పరాదు. ఎవరికి ఆశ పుడితే వాళ్లు ఆ పుస్తకం తీసుకుపోతారు. తర్వాత ఎప్పుడైనా, చెప్పినవాడు చెప్పినంత లేదని తేలితే, ఆ మనిషిని నెలల తరబడి ఆడిపోసుకునేవాళ్లం. (బావుల తవ్వకం మీద ఒక పుస్తకం 'నవల కంటే ఎక్కువ ఉత్కంఠగా ఉంది' అన్నందుకు గడియారం సాబ్ ఒక సంవత్సరం మాటలు పడ్డాడు.)

గోడ మీద ఒక అట్టముక్క వేలాడేది. ఉద్యోగ విరమణ చేసిన హెడ్మాస్టరు, మా పెద్దసారు, స్వయంగా రాసిన మొదటి నియమం దాని మీద ఉండేది: 'చదవనిది చెప్పరాదు. చెప్పినచో ఒక సంవత్సరం బల్ల మీద చోటు లేదు.' ఆ ఊళ్లో నాకు చుట్టాలు లేరు, దోస్తులు లేరు. నెలకు రెండు ఆదివారాలు ఆ బల్ల మీద నాకొక చోటు ఉండేది, అంతే. మిగిలిన ఇరవై ఎనిమిది రోజులు ఆ రెండు రోజుల కోసం గడిచేవి.

ఇక నా నేరం. ఆ జూన్‌లో ఆఫీసులో రేషన్ జాబితాల పని మీద పడి, ఎర్రట్ట నవల అరవై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాను. సుగుణ అనే ఆమె కథ అది. తమ్ముడు ఇంట్లో గొడవపడి వెళ్లిపోతాడు. పదకొండేళ్ల తర్వాత ఒంట్లో బాగాలేదని ఉత్తరం రాస్తాడు. నేను అక్కడిదాకా వచ్చాను. ఆదివారం నాడు టీచరమ్మ లేచి రెండు పుస్తకాల గురించి ఎంత అందంగా చెప్పిందంటే, నా వంతు వచ్చేసరికి 'సగమే చదివాను' అనడానికి నోరు రాలేదు. "చివర్లో కన్నీళ్లు ఆగవు" అనేశాను. గదికి వచ్చి, పద్ధతి గల మనిషిని కదా, డైరీలో 'పూర్తి' అని రాసి గీత కొట్టాను. పుస్తకం కాంపౌండరు తీసుకుపోయాడు. జూలై రెండో ఆదివారం అతను లేచి, "మన గుమాస్తా తమ్ముడు జెప్పింది నిజమే. నాక్కూడ కండ్లల్ల నీళ్లు తిరిగినయి" అన్నాడు. దాంతో ధైర్యం వచ్చింది. ఆ రోజు పుస్తకం పెద్దసారు చేతికి పోయింది.

ఆగస్టు నాలుగు, సోమవారం. ఆఫీసు మెట్ల దగ్గర పెద్దసారు కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, గా ఎర్రట్ట నవల నువ్వు జెప్పిందే గదా?"

"అవును సార్."

"వచ్చే సోమవారం పొద్దుగాల మా ఇంటామెను నల్లగొండ దవాఖానకు తోల్కపోతున్న. కంట్లె పొర తీపియ్యాలె. గా నవల నేనే సదివి వినిపిస్తున్న. సుగుణ సంగతి తేలకుండ బస్సెక్క అని కూసున్నది. ఆదివారం నువ్వు ముగింపు జెప్పాలె, అందరి ముందట."

"ముగింపు చెప్పొద్దని నియమం కదా సార్? పుస్తకం మీ దగ్గరే ఉంది కదా?"

"ఉన్నది. అయినా నీ నోట వినాలె." అంతే అని, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ టకటక వారం రోజులు నా చెవుల్లోనే ఉంది.

పుస్తకం ఆయన దగ్గర ఉంది. నా దగ్గర లేదు. చివరిదాకా చదివినవాడు ఊళ్లో ఇంకొకడే. బుధవారం సాయంత్రం కాంపౌండరు పనిచేసే డాక్టరు గదికి తలనొప్పి వంక పెట్టుకుని వెళ్లాను. అతను మాత్రలు పొట్లం కడుతుంటే మెల్లగా కదిపాను.

"అన్నా, గా ఎర్రట్ట నవల ముగింపు నీకెట్లనిపిచ్చింది?"

"చానా బరువుగ అనిపిచ్చింది తమ్మీ. నీకు?"

"నాక్కూడ బరువే. ముఖ్యంగ ఏ జాగల?"

"అదే... ఆఖరి జాగల. నీకు?"

"నాక్కూడ గాడనే."

"తమ్ముని సంగతి రాసిన తీరు..." అని నేను వాక్యం సగంలో వదిలాను, అతను అందుకుంటాడేమోనని. "అవునవును, తమ్ముని సంగతి..." అని అతనూ సగంలో వదిలాడు. చివరికి నాకు రెండు తలనొప్పి మాత్రలు తప్ప ఇంకేమీ దక్కలేదు. (అవి నిజంగానే పనికొచ్చాయి.) అతని చూపు కూడా నా చూపులాగే తప్పించుకుంటోందని నాకు ఆ రోజు తట్టలేదు. భయంలో ఉన్నవాడికి ఎదుటివాడి భయం కనపడదు.

ఇక మిగిలింది నల్లగొండ. అక్కడి పెద్ద గ్రంథాలయంలో ఆ నవల ప్రతి ఇంకొకటి ఉందని తెలుసు. శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి, చిట్యాలలో బస్సు మారి, మధ్యాహ్నం రెండింటికి చేరుకున్నాను. గేటుకు తాళం. పక్కన స్టూలు మీద కాపలాదారు బీడీ తాగుతున్నాడు.

"ఏమైందన్నా?"

"శుక్రారం గద సారూ, బందు."

గ్రంథాలయాలకు శుక్రవారం సెలవని చిన్నప్పటి నుంచి తెలిసినవాణ్ణి. నా డైరీ మొదటి పేజీలో సెలవుల పట్టిక కూడా ఉంది. "పోనీ, రేపు?" అన్నాను.

"రేపు రెండో శనారం. అది గూడ బందే. ఎల్లుండి రా."

ఎల్లుండే నా తీర్పు రోజు. అద్దాల కిటికీకి ముఖం ఆనించి లోపలికి చూశాను. బీరువాలు వరసగా కనపడ్డాయి. వాటిలో ఎక్కడో నా సుగుణ ఉంది, ఏం చేస్తోందో తెలియదు. "కిటికీకెల్లి సదువుతవా ఏంది సారూ?" అని కాపలాదారు నవ్వాడు. తిరుగు బస్సులో ఒక నిర్ణయానికి వచ్చాను. నిజం ఒప్పుకుందాం. చిట్యాల వచ్చేసరికి ఆ నిర్ణయం సగమైంది. మోత్కూర్‌లో దిగేసరికి, కన్నీళ్లు వస్తాయని ముందే చెప్పాను కనుక తమ్ముణ్ణి చంపేయడమే దారి అని తేల్చుకున్నాను.

ఆదివారం వచ్చింది. గది చిన్నది, మబ్బు వల్ల చీకటిగా ఉంది, ముందు దుకాణంలో పదిపన్నెండు గడియారాలు ఒకదానికొకటి పొత్తు లేకుండా కొట్టుకుంటున్నాయి. నా గుండె కూడా వాటిలో ఒకటి. గుమ్మంలో మేకలాయన గొంతుక్కూర్చున్నాడు. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. రెండు నెలల కింద సాబ్ దగ్గర మేకల పెంపకం పుస్తకం తీసుకున్నాడు, అది వాపసు ఇవ్వడానికి వచ్చాడు. లోపల మాటలు నడుస్తున్నాయని ఆగాడు.

పెద్దసారు నావైపు తిరిగాడు. "సుగుణ మామిడికాయ తొక్కు జాడీ పట్టుకోని బస్సెక్కింది. నడిదారిల వానకు బస్సాగింది. ఆ తర్వాత ఏమాయె?"

లేచాను. "బస్సు చాలా ఆలస్యమైంది సార్. ఆమె దవాఖానకు చేరేసరికి తెల్లారింది. తమ్ముడి మంచం ఖాళీగా ఉంది." టీచరమ్మ కళ్లు పెద్దవయ్యాయి. దాంతో నాకు ఊపు వచ్చింది. అక్కడ ఆపితే పోయేది. "నర్సు వచ్చి అతని చొక్కా మడతపెట్టి ఆమె చేతిలో పెట్టింది. జేబులో చిన్నప్పటి ఫోటో ఉంది. అక్కాతమ్ముళ్లది."

"గంతేనా కాంపౌండరూ?" అన్నాడు పెద్దసారు.

"గంతే సార్. గా ఫోటో కాడనే నేను ఏడ్సిన."

పెద్దసారు సంచిలోంచి ఎర్రట్ట నవల తీసి, ఒక చోట తెరిచి, నా చేతికిచ్చాడు. "నూట పన్నెండో పేజీ. ఆఖరి వాక్యం నుంచి గట్టిగ సదువు."

చదివాను. "'పదకొండేళ్ల తర్వాత తమ్ముణ్ణి చూడబోతున్న ఆమెకు'" పేజీ తిప్పాను. "'రోజుకు నాలుగు కిలోల పచ్చిమేత, గుప్పెడు తవుడు చాలు. చూలుతో ఉంటే మరికొంచెం పెంచాలి.'"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. నాకైతే అక్షరాలే కనపడలేదు. తర్వాత టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కాని నవ్వు ఆగలేదు. గడియారం సాబ్ పుస్తకం నా చేతిలోంచి లాక్కుని వెనక్కీ ముందుకీ తిప్పి, నుదురు కొట్టుకున్నాడు. "యా అల్లా! మే నెల గాలివానకు కప్పు కురిసి తడిసినయి గదా. కుట్లు విప్పి, రెండు పుస్తకాలు ఒక్కటే మంచం మీద ఆరేసిన. పదారు పదారు పేజీల మడతలు. రెండింటికీ నేనే ఎర్రట్ట ఏసిన!" ఆవగింజంత పళ్లచక్రాన్ని కూడా తప్పు పెట్టని చేతులు అవి. నవలలో చివరి ముప్పై రెండు పేజీలు పోయి, వాటి స్థానంలో మేకలు వచ్చి కూర్చున్నాయి.

అంటే నూట పన్నెండు దాటినవాడికి ఎవడికైనా మేకలు కనపడాలి. నాకు కనపడలేదు. కాంపౌండరుకూ కనపడలేదు. అతను తన చెప్పుల వైపు చూస్తున్నాడు. పెద్దసారు నవ్వలేదు. హాజరు పట్టీ ముందుకు లాక్కుని, కలం మూత తీశాడు. నా పేరు మీద కలం ఆగింది. "నియమం నేనే రాసిన. సంవత్సరం. ఏమంటవు?"

ఏమంటాను? ఆ కలం కొన వంక చూస్తూ నిలబడ్డాను. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది.

"సారూ, తప్పయితే మన్నించున్రి. తమ్ముడు సావలే."

అందరం తిరిగాం. మేకలాయన లేచి నిలబడ్డాడు. చేతిలో ఎర్రట్ట పుస్తకం.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు పెద్దసారు.

"నా పుస్తకంల ఉన్నది సారూ. మా మేకకు కాలు పుండయితే గా పేజీ సదివిన. 'గాయాన్ని శుభ్రంగా కడిగి, వేపనూనె రాసి, ఆ తర్వాత' అని ఉన్నది. పేజీ తిప్పితే, 'బస్సులో కునుకు పట్టలేదు' అని ఉన్నది. జర ముందటికి పోతే, 'తమ్ముడు చాయ్ గ్లాసు ఆమె ముందు పెట్టాడు' అని ఉన్నది. ఏ తమ్ముడో, మేకకు చాయ్ ఏందో సమజ్ గాలే. అయినా ఒడిసేదాక సదివిన."

"మరి రెండు నెలలు ఎందుకు చెప్పలేదన్నా?" అంది టీచరమ్మ.

"సదువుకున్నోళ్ల పుస్తకాలు గిట్లనే ఉంటయేమో అనుకున్న తల్లీ. నడుమ నడుమ మనుషుల సంగతి గూడ జెప్తరేమో అని."

పెద్దసారు కలం పక్కన పెట్టాడు. "సరే. ఏమాయెనో జెప్పు."

మేకలాయన చెప్పాడు. ముందు కథ అతనికి తెలియదు. ఆమె ఎవరో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అయినా చెప్పాడు. తమ్ముడు రోగం నుంచి కోలుకుని బస్టాండులో చాయ్ దుకాణం పెట్టుకున్నాడు. ఆమె పోయి కూర్చుంటుంది. అతను గుర్తుపట్టడు. ఆమె పేరు చెప్పదు. చాయ్ తాగి, 'ఈ జాడీ జర సూస్తుండు, మళ్లొస్త' అని లేచి బస్సెక్కుతుంది. "పొద్దుగూకిందాక రాలే సారూ. దుకాణం కట్టేటప్పుడు ఆయన మూత తీసిండు. వాసన సూసిండు. వాళ్ల అమ్మ కలిపే తొక్కు. గంతే. పుస్తకం ఒడిసింది." చేతిలోని పుస్తకం నిమిరి, "నాకు తొల్తనే ఏడుపొచ్చింది. ఆమె ఎవరో తెలువకపాయె, అయినా వచ్చింది" అన్నాడు.

నేను కల్పించిన చొక్కా, ఫోటో, ఖాళీ మంచం అన్నీ ఆ తొక్కు జాడీ ముందు ఎంత చవకగా తోచాయో చెప్పలేను. పెద్దసారు హాజరు పట్టీ మూసేశాడు. "ఇయ్యాల్టి సిఫారసులు కాలేదింకా" అని, మేకలాయనను బల్ల మీద నా చోట్లో కూర్చోబెట్టాడు. మేకలాయన కంగారుపడుతూ, "గీ పుస్తకం మంచిగున్నది. మేకలకు మంచిది, మనుషులకు గూడ మంచిది. అందరు సదువున్రి" అన్నాడు. ఆ గదిలో నేను విన్న సిఫారసులన్నిటిలో అంతకంటే నిజాయితీ గలది ఇంకొకటి లేదు. కల్పన, నిజం రెండూ ఒకే పుస్తకంలో సిఫారసు చేసినవాడు కూడా అతనొక్కడే.

తర్వాత పెద్దసారు నావైపు చూశాడు. "రేపు పొద్దుగాల ఆరింటి బస్సు. మేకల పుస్తకం పట్టుకోని రా. చిట్యాల దాక ఆమెకు నువ్వే సదివి వినిపియ్యాలె. ఆమె ఏమంటే గదే తీర్పు. కాంపౌండరూ, నువ్వు సంచులు మొయ్యి."

మర్నాడు, సోమవారం, బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను ఆమె పక్కన, వెనక సీట్లో పెద్దసారు, ఒడి నిండా సంచులతో కాంపౌండరు. వాన తుంపర. నేను మేకల పుస్తకంలో పుండు పేజీ వెతికి, వేపనూనె దాటి, చదవడం మొదలుపెట్టాను. నాకూ అది మొదటిసారే. మొదట్లో తడబడుతూ చదివాను. తర్వాత ఎవరి కోసం చదువుతున్నానో మరిచిపోయాను. ముందు సీట్లో వాళ్లు మాటలు ఆపి వెనక్కి తిరిగారు. కండక్టరు టికెట్ల సంచీ సర్దుకుని కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు. చిట్యాల పొలిమేరలో తమ్ముడు మూత తీశాడు.

ఆమె కళ్లు మూసుకునే ఉంది. "ఒడిసిందా?"

"ఒడిసిందమ్మా."

కొంగుతో ముఖం తుడుచుకుంది. "సార్ రాత్రి నీ ముగింపు గూడ జెప్పిండు. సక్కగ చాయ్ పోసుకుంట బతుకుతున్న పిలగాణ్ణి ఊకనే సంపితివి గద కొడుకా. మేకలాయన బతికిచ్చిండు." ఆమె నవ్వింది. "సార్ గూడ తక్కువోడు గాదు. సూసుకోకుండ మేత, తవుడు అని సదువుకుంట పోతనే ఉన్నడు. సుగుణకు తవుడెందుకయ్యా అని నేను అడిగితే గాని ఆపలే." వెనక సీట్లో పెద్దసారు గట్టిగా దగ్గాడు.

బస్సు ఆగింది. సంచులు దిగాయి. ఆమె నా భుజం పట్టుకుని మెల్లగా దిగి, తడి నేల మీద నిలబడి తీర్పు చెప్పింది. "కట్టు విప్పేదాక నేనేం సదవలేను. ఇంటికి వచ్చినంక రోజూ పొద్దుగాల వచ్చి నువ్వే సదువు. మొదటి పేజీ నుంచి, ఒక్కటి గూడ ఇడవకుండ. నడుమల మేకలొచ్చినా ఆపకు."

వాళ్లు నల్లగొండ బస్సెక్కారు. నేను చిట్యాల బస్టాండులో ఒక చాయ్ చెప్పి, సంచిలోంచి డైరీ తీసి, జూన్ పేజీలో 'పూర్తి' అన్న మాట కొట్టేశాను. దాని పక్కన ఆనాటి ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు గుండ్రటి అక్షరాలతో, మహా పద్ధతిగా ఇలా రాసుకున్నాడు: 'పేజీ 1 నుంచి 61 వరకు, మేకల పుస్తకంలోంచి చివరి 32. నడుమ 51 పేజీలు ఇంకా చదవాలి.' ఆ వాక్యం కంటపడినప్పుడల్లా అతని భుజం తట్టాలనిపిస్తుంది.